చంద్రుడి మీద శిలాఫలకం

చంద్రుడి మీద ఏదీ ఊరూ పేరూ లేకుండా పడి ఉండకూడదని ప్రభుత్వం నిర్ణయించే నాటికి, డాక్టర్ ముక్కామల త్రివేణి పద్నాలుగేళ్లుగా ఒకే ఒక్క పెట్టెను తయారుచేస్తూ ఉంది.

పెట్టె పెద్దదేం కాదు. పెళ్లి భోజనాల్లో సాంబారు వడ్డించే బకెట్టులో పడుతుంది. లోపల వెంట్రుక కన్నా కాస్త మందమైన స్ప్రింగుకి చిన్న లోహపు గుండు వేలాడుతూ ఉంటుంది. నేల కదిలితే పెట్టె కదులుతుంది. గుండు మాత్రం బద్ధకంగా ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ రెండింటి మధ్యా వచ్చిన తేడాని కొలవడమే దాని పని. చంద్రుడు పైకి నిమ్మకు నీరెత్తినట్టు కనిపిస్తాడు గానీ లోలోపల అప్పుడప్పుడూ వణుకుతుంటాడు. ఆ వణుకుని శ్రద్ధగా వింటే, ఆయన కడుపులో ఏముందో, నడిమధ్య గట్టిగా ఉందో మెత్తగా ఉందో చెప్పవచ్చు. అందుకే త్రివేణి లాబ్‌లో ఎవరూ చెప్పులేసుకుని నడవరు. గట్టిగా తుమ్మరు. దూరాన హైవే మీద ఇసుక లారీ వెళ్తే ఇక్కడ తెరమీద గీత ఎగిరిపడుతుంది.

ఆ పెట్టెకు ముందు ఆమె చేసిన పరికరాలు మూడు. మొదటిది రాకెట్‌తో పాటు బంగాళాఖాతంలో మునిగింది. రెండోది బడ్జెట్‌లో మునిగింది. మూడోది నిక్షేపంగా పూర్తయింది గానీ, దాన్ని తీసుకెళ్లే యాత్రకు ఏ పేరు పెట్టాలన్న దాని మీద రెండు శాఖలకు తగువొచ్చి, అది తేలేలోపు బ్యాటరీలకి కాలం చెల్లింది. నాలుగోది మాత్రం వెళ్లి తీరుతుందని త్రివేణి నమ్మింది. ల్యాండర్ తయారైంది. రాకెట్ తయారైంది. ముహూర్తం కూడా ఖాయమైంది. అడ్డుపడటానికి ఇక ఏమీ మిగల్లేదు.

సరిగ్గా అలాంటప్పుడే ఉత్తర్వులు వస్తాయి.

ఎక్కడో ఒక బస్ షెల్టరు కూలింది. దాన్ని ప్రారంభించిందెవరో చెప్పే ఫలకం లేకపోవడంతో ఎవర్ని తిట్టాలో జనానికి తెలియలేదని ప్రతిపక్షం బాధపడింది. అంతకాలం నిలిచినందుకు ఎవర్ని పొగడాలో తెలియలేదని అధికారపక్షం బాధపడింది. ఆ అయిదేళ్లలో రెండు పక్షాలూ ఒక్క మాటమీద నిలిచిన సందర్భం అదొక్కటే కాబట్టి, వెంటనే చట్టం వచ్చేసింది. ప్రజాధనంతో ఎక్కడ ఏది నెలకొల్పినా, ముందు శిలాఫలకం ఉండాలి, దాని మీద పేర్లుండాలి, ఆవిష్కరణ జరగాలి, ఆ తరవాతే వాడకం.

విశాఖ శివార్లలో కొండవాలున ఉన్న గ్రహాంతర పరికరాల సంస్థకు ఆ ఉత్తర్వు ప్రతిని సచివాలయం నుంచి ప్రోటోకాల్ అధికారి కంభంపాటి శేషఫణి స్వయంగా పట్టుకొచ్చాడు. తెల్ల సఫారీ సూటు, కళ్లద్దాలకు గొలుసు, నోరు తెరిచే ముందు గొంతు సవరించుకునే అలవాటు. డైరెక్టరు పిసపాటి వామనరావు తన కుర్చీ ఆయనకిచ్చి, తాను ఫైళ్ల బీరువా పక్కన స్టూలు మీద సర్దుకున్నాడు.

“చంద్రుడి మీద మనం కట్టేదేం లేదు కదండీ,” అంది త్రివేణి. “భవనం కాదు, వంతెన కాదు. ఓ పరికరాన్ని దింపుతున్నాం, అంతే.”

శేషఫణి గొంతు సవరించుకున్నాడు. “మేడమ్, ఉత్తర్వులో ‘కట్టుట’ అను పదమే లేదు. ‘నెలకొల్పుట’ అని ఉన్నది. తమరి ప్రతిపాదనలో మొదటి వాక్యం చదవమంటారా? ‘చంద్రుని దక్షిణ ప్రాంతమందు కంపన పరిశీలనా కేంద్రమును నెలకొల్పుటకై’ అని తమరే సెలవిచ్చి ఉన్నారు.”

త్రివేణికి ఆ వాక్యం పుట్టిన రోజు గుర్తొచ్చింది. ఆమె ‘పెట్టడం’ అనే రాసింది. అలా రాస్తే పైవాళ్లకి ఆనదని వామనరావు ‘నెలకొల్పుట’ అని దిద్దాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన కిటికీలోంచి కొండవైపు చూశాడు.

“మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, నల్ల గ్రానైటు,” అన్నాడు శేషఫణి. “అక్షరములు బంగారు రంగు.”

“అది నూటయాభై కిలోలు తూగుతుందండీ! మా ల్యాండర్ మోయగలిగే పరికరాలన్నీ కలిపినా నలభై కిలోలే.”

“చంద్రుని మీద బరువు ఆరో వంతేనట కదా. చదువుకునే వచ్చాను.”

“అక్కడ ఆరో వంతేనండీ. ఇక్కణ్నుంచి మోసుకెళ్లేది మాత్రం మొత్తం.”

“అయినచో తూకం అక్కడే వేయించండి.”

వామనరావు ‘పరిశీలించదగిన సూచన’ అని డైరీలో రాసుకున్నాడు.

నెల రోజులు ఉత్తరాలు నడిచాయి. చివరికి దారి చూపింది సలోమి. ల్యాండర్ చట్రం లెక్కలు చూసే ఇంజనీరు ఆమె. తెనాలి మనిషి, కోపం ముక్కుమీదే ఉంటుంది. ఉత్తర్వుని ముప్పైసార్లు చదివి, “పొడుగు చెప్పారు, వెడల్పు చెప్పారు, మందం ఎక్కడా చెప్పలా మేడమ్!” అని కేకేసింది. అలా గ్రానైటుని అప్పడమంత పల్చగా కోయించారు. పది కిలోలకు దిగింది. ఆ పది కిలోల చోటు కోసం నేల వేడిని కొలిచే పరికరాన్ని ల్యాండర్ లోంచి తీసేశారు. దాన్ని పదకొండేళ్లు తయారుచేసిన పరాంకుశంగారు సెలవు పెట్టి అన్నవరం వెళ్లొచ్చారు.

గండం గడిచిందనుకున్నారు గానీ, అసలు గండం పేర్లతో వచ్చింది.

ఉత్తర్వు ప్రకారం ఆవిష్కరణ సభకు స్థానిక శాసనసభ్యుడు అధ్యక్షత వహించాలి. చంద్రుడు ఏ నియోజకవర్గం కిందికి వస్తాడు? దీన్ని తేల్చడానికి వేసిన సంఘంలో త్రివేణిని కూడా సభ్యురాలిగా వేశారు. సమావేశం మొదలుకాగానే ఇద్దరు శాసనసభ్యులు తమ తమ వాదనలు వినిపించారు.

“మా సముద్రంలోంచే పుడతాడండీ చంద్రుడు,” అన్నాడు తూర్పు తీరం నుంచి గెలిచినాయన. “పుట్టిన ఊరు కన్నా స్థానికత ఇంకేం కావాలి? మా జాలర్లు తరతరాలుగా చూస్తున్నారు. కావలిస్తే పంచాయతీ తీర్మానం తెస్తాను.”

“పుట్టడం ఎవరైనా ఎక్కడైనా పుడతారు,” అన్నాడు పడమటి కొండల నుంచి గెలిచినాయన. “రాత్రంతా తిరిగి తిరిగి ఇంటికి చేరేది మా దగ్గరికే. మనిషి స్థానికత ఎక్కడ పడుకుంటాడన్నదాన్ని బట్టి ఉంటుంది గానీ ఎక్కడ లేస్తాడన్నదాన్ని బట్టి ఉంటుందా?”

చంద్రుడు ఎక్కడా పుట్టడని, భూమే తిరుగుతోందని త్రివేణి చెప్పబోయింది. “సాంకేతిక అంశములు తరువాత,” అన్నాడు శేషఫణి.

మూడు సమావేశాల తరవాత సంఘం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. శుక్లపక్షంలో చంద్రుడు తూర్పు నియోజకవర్గానికి, కృష్ణపక్షంలో పడమటి నియోజకవర్గానికి చెందును. పౌర్ణమి నాడు ఉభయులూ సమానంగా గౌరవనీయులు.

“మరి అమావాస్య నాడో?” అని ఎవరో అడిగారు.

“ఆ రోజు ప్రజాప్రతినిధి లేనట్లు భావించి, స్పెషలాఫీసరు పాలన,” అన్నాడు శేషఫణి, తడుముకోకుండా.

దాంతో ఇద్దరు శాసనసభ్యుల పేర్లూ, స్పెషలాఫీసరు పేరూ ఫలకం మీదికి ఎక్కాయి. వాళ్లెక్కాక జెడ్పీ చైర్మన్ ఊరుకోడు. అంతరిక్ష, దేవాదాయ, చిన్ననీటిపారుదల శాఖల మంత్రిగారు ముఖ్య అతిథి కాబట్టి, దేవాదాయ శాఖ కమిషనరూ చిన్ననీటిపారుదల చీఫ్ ఇంజనీరూ వచ్చి చేరారు. అక్షరం ఎత్తు అంగుళానికి తగ్గకూడదన్న నిబంధన ఒకటుంది. పేర్లు పెరిగేకొద్దీ ఫలకం పెరిగింది. ఎత్తు పెరిగేసరికి పడిపోకుండా దానికి దిమ్మె కావలసి వచ్చింది. మట్టిని పరీక్షించే పరికరాన్ని తీసేశారు. అణుధార్మికత కొలిచే పరికరాన్ని తీసేశారు. కెమెరాను ఉంచారు గానీ, దిగంతం వైపున్న దాన్ని ఫలకం వైపు తిప్పారు.

ఒక సోమవారం వామనరావు త్రివేణిని పిలిచి, తానే లేచి తలుపు దగ్గరగా వేశాడు.

“త్రివేణిగారూ, మీ పెట్టె వచ్చే యాత్రలో పంపిద్దామండీ.”

“వచ్చే యాత్ర ఎప్పుడు సార్?”

“ఉంటుంది. తప్పకుండా ఉంటుంది.”

“నా సర్వీసు ఇంకా ఆరేళ్లు ఉంది. మీకు తెలీదా, ఒక యాత్రకి మన దగ్గర ఎన్నేళ్లు పడుతుందో?”

వామనరావు చెడ్డవాడు కాదు. కుర్రతనంలో శుక్రగ్రహం మబ్బుల మీద మంచి పని చేసినవాడే. ఆయన తలవంచుకుని, “నన్నేం చేయమంటారు చెప్పండి. ఆ ఫలకం మీద నా పేరు కూడా లేదు,” అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. త్రివేణికి మాత్రం చెంప మీద కొట్టినట్టనిపించింది. ఆ పేరే కనక ఉండుంటే ఈయన ఈపాటికి హాయిగా ఉండేవాడన్నమాట.

ఆ వారమే ఫలకాన్ని కుదుపు పరీక్ష కోసం లాబ్‌కు తెచ్చారు. కాంట్రాక్టరు చిట్టెయ్య వెంట వచ్చాడు. ఉత్తరాంధ్రలో ఏ పార్టీ వాళ్ల ఫలకమైనా ఆయన చేతిమీదుగా లేవాల్సిందే.

“అడుగున ఇంత ఖాళీ వదిలారేం?” అడిగింది సలోమి.

“కూసింత జాగా ఎప్పుడూ ఒగ్గేత్తానమ్మా. రేపొద్దున్న ఎవులైనా కొత్తోడొచ్చి నా పేరేదని అడిగితే మళ్లీ రాయి మార్సలేం కదా.”

సలోమి ఆయన్ని కొట్టినంత పని చేసింది. త్రివేణి మాత్రం వినడం లేదు. ఆమె తెరవైపు చూస్తోంది. ఫలకమూ దిమ్మే కలిసి నేలమీద దిగిన మరుక్షణం నుంచి, పక్కనే ఉన్న ఆమె పెట్టె గీసే గీత తేటపడింది. పెట్టెను ఎత్తి దిమ్మె మీద పెట్టి చూసింది. ఇంకా తేటపడింది. కంపాలను వినే పరికరానికి కావలసింది బరువైన, నేలలోకి గట్టిగా దిగిన పీట. ఆమె రూపకల్పనలో ఆ పెట్టె ల్యాండర్ వీపు మీద కూర్చుని వెళ్లాలి. ల్యాండర్ ఎండకీ చలికీ కిర్రుకిర్రుమంటుంది, ఆ కిర్రుల మధ్య చంద్రుణ్ని వినాలి. విడిగా నేలమీద ఓ దిమ్మె కావాలని అడగడానికి పద్నాలుగేళ్లలో ఆమెకు ధైర్యం చాల్లేదు. ఇప్పుడు చూస్తే దిమ్మె మంజూరైంది. దాన్ని ఎత్తి నేలమీద నిలబెట్టడానికి ల్యాండర్‌కి ఓ చెయ్యి కూడా మంజూరైంది.

ఆమె మర్నాడు తెల్లవారకముందే కారెక్కి సచివాలయానికి బయల్దేరింది. దారి పొడుగునా భాష మార్చుకుంది.

“సార్,” అంది శేషఫణితో, “ఫలకం ఆవిష్కరించిన తరవాత, అది ఒరిగినచో?”

శేషఫణి కళ్లద్దాలు తీశాడు.

“చంద్రుని మీద నేల నమ్మదగినది కాదు సార్. అప్పుడప్పుడు వణుకును. గౌరవనీయులైన మంత్రివర్యుల నామధేయం ఏదో ఒకనాడు బోర్లా పడి మట్టి కరచినచో, ఆ విషయం మనకన్నా ముందు ప్రతిపక్షమునకు తెలిసినచో...”

“శివశివా,” అన్నాడు శేషఫణి.

“కావున ఫలకం స్థితిగతులను అహోరాత్రములు గమనించు యంత్రమొకటి దిమ్మెలో అమర్చుట శ్రేయస్కరమని మనవి.”

“ఏమని పిలుతుము?”

“ఫలక గౌరవ పరిరక్షణ యంత్రం.”

పద్నాలుగేళ్లలో దొరకని అనుమతి ఆ సాయంత్రం దొరికింది. ఆమె అడిగిన దానికన్నా రెండింతల కరెంటు కేటాయించారు. అర్ధరాత్రి చలిలో కూడా ఆగకుండా పనిచేయాలని శేషఫణే పట్టుబట్టి అదనంగా ఓ బ్యాటరీ వేయించాడు. ఒక్కటే షరతు. శాస్త్ర పరికరాల కోటా నిండిపోయింది కాబట్టి ఇది ఆ కోవలోకి రాదని ఆమె రాసివ్వాలి.

త్రివేణి కలం తీసుకుని, ‘ఈ యంత్రమునందు ఎట్టి శాస్త్రీయ ప్రయోజనమూ లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది’ అని రాసి సంతకం పెట్టింది. తిరుగు ప్రయాణంలో అనకాపల్లి దాటేదాకా ఆ వాక్యాన్నే నెమరేసుకుంది. తన పనికి ఆమె మనసులో చాలా పేర్లు పెట్టుకుంది ఇన్నేళ్లలో. ఏ ప్రయోజనమూ లేనిదని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. అదొక్కటే ఆమె చేత్తో రాయించుకున్నారు.

ల్యాండర్ మెత్తగా దిగింది. ఇక్కడ షామియానా వేశారు. కొబ్బరికాయ ఇక్కడ కొట్టారు. మంత్రిగారు తాడు లాగగానే అక్కడ ఫలకం మీది పట్టుగుడ్డ జారాలి. కబురు చంద్రుణ్ని చేరి, బొమ్మ తిరిగి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. తాడు లాగినా ఏమీ కదలకపోయేసరికి మంత్రిగారు మండిపడుతూ డైరెక్టరు వైపు తిరిగారు. ఆ తిరగడంలో గుడ్డ జారిన క్షణం ఆయన చూడనే లేదు. ఆ చూడని ఫోటోయే మర్నాడు పేపర్లన్నిటిలో వచ్చింది.

తొమ్మిదో రోజు, క్యాంటీన్లో పులిహోర వడ్డిస్తున్న వేళ, సలోమి పరిగెత్తుకుంటూ వచ్చింది. “మేడమ్, రండి, రండి!”

తెరమీద గీత వణుకుతోంది. మొదట సన్నగా, ఆ తరవాత ఉబ్బుతూ, ఆ తరవాత తగ్గక, తగ్గక. భూమ్మీద కంపమైతే కాసేపటికి చల్లారుతుంది. చంద్రుడు ఎండిపోయిన గోళం, నీళ్లులేవు, మెత్తదనం లేదు. గుడిగంట కొట్టినట్టు ఒక్కసారి కదిలితే అలా మోగుతూనే ఉంటాడు. ఆ మోత చల్లారేసరికి సాయంత్రం టీలు కూడా అయిపోయాయి. చెప్పుల్లేకుండా నిలబడ్డ త్రివేణి కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు. పరాంకుశంగారు వచ్చి వెనక నిలబడి, “మోగుతున్నాడమ్మా,” అన్నారు.

అదే సమయానికి సచివాలయంలో అపాయ గంట మోగింది. ఫలకం కదిలితే వెంటనే తెలిసేలా యంత్రాన్ని అక్కడికీ కలిపారు మరి.

“ఎవరు కదిపారు?” అని శేషఫణి ఫోను.

“ఎవరూ కదపలేదండీ. చంద్రుడే కదిలాడు.”

“ఎవరి అనుమతితో?”

కదిలింది వెంట్రుకలో వెయ్యో వంతు కూడా కాదని ఆమె చెప్పింది. ఎంత కదిలిందన్నది కాదు, ఎవరి పేరు కదిలిందన్నది ముఖ్యమని ఆయన చెప్పాడు. వారం తిరక్కుండా ప్రతిపక్షం సభలో దుమారం లేపింది. ప్రభుత్వం నాసిరకం చంద్రుణ్ని ఎంపిక చేసిందని, అందులో ఎవరి వాటా ఎంతో తేల్చాలని పట్టుపట్టింది. ఇది గత ప్రభుత్వాల కాలం నుంచీ వస్తున్న చంద్రుడేనని మంత్రిగారు సమాధానమిచ్చారు. విచారణ సంఘం వేశారు. ఫలకం కదిలిన ప్రతిసారీ ఎంత, ఎటు, ఎంతసేపు అన్న వివరాలు సేకరించి భద్రపరచాలని ఆ సంఘం ఆదేశించింది. త్రివేణి మహానందంగా ఆదేశాన్ని శిరసావహించింది.

ఆ వివరాలతో ఆమె ఓ పరిశోధనా పత్రం రాసింది. పరికరం పేరు రాయాల్సిన చోట ఆగిపోయింది. శాస్త్ర పరికరం అంటే ఇచ్చిన ధ్రువీకరణ అబద్ధమవుతుంది. ఆలోచించి ఆలోచించి ‘శిలాఫలకం’ అని రాసింది. విదేశంలో జరిగిన సభలో వాళ్లు దాన్ని కొత్తరకం సెన్సర్ పేరనుకున్నారు. ఒక ముసలి ప్రొఫెసరు ఆమెను పక్కకు పిలిచి, ఇంత నిశ్శబ్దమైన రికార్డు తన జీవితంలో చూడలేదని, తమ దేశం కూడా త్వరలో ఒక శిలాఫలకాన్ని తయారుచేయబోతోందని చెప్పాడు. ఆమె తల ఊపి ఊరుకుంది. ఇక్కడ మాత్రం ఆ ఏడాది సంస్థ వార్షిక నివేదికలో, ‘చంద్రయాత్ర శాస్త్ర ఫలితములు’ అన్న శీర్షిక కింద, ‘లేవు’ అని అచ్చయింది.

అంతలో ఎన్నికలు వచ్చాయి. నాయకుల పేర్లున్న ఫలకాలన్నిటికీ ముసుగు వేయాలని నియమావళి. ఎన్నికల పరిశీలకుడిగా వచ్చిన అధికారి చాలా నిక్కచ్చి మనిషి. చంద్రుడి మీద ఫలకానికి ముసుగు లేదని ఎవరో ఫిర్యాదు చేయగా, నోటీసు పంపాడు.

“అక్కడికి గుడ్డ పంపడం సాధ్యం కాదండీ,” అన్నాడు వామనరావు.

“ఓటరు కంట పడకూడదన్నదే నిబంధన ఉద్దేశం,” అన్నాడు పరిశీలకుడు. “అక్కడ కప్పలేకపోతే ఇక్కడ కప్పండి.”

ఏ టెలిస్కోపులోంచీ అంత చిన్న ఫలకం కనిపించదని త్రివేణి లెక్కలు వేసి చూపించింది. ఓటరు ప్రయత్నించకుండా లెక్కలు ఆపలేవు కదా అని ఆయన అన్నాడు. చివరికి లైసెన్సు తుపాకులను డిపాజిట్ చేయించినట్టే, ఎన్నికలయ్యేదాకా టెలిస్కోపులన్నిటినీ దగ్గరి పోలీస్ స్టేషన్లలో డిపాజిట్ చేయించారు. బడి పిల్లలు పీవీసీ గొట్టాలతో చేసుకున్నవి కూడా పట్టుకుపోయారు. పోలీసులు మాత్రం ఆ నలభై రోజులూ చంద్రుణ్ని తనివితీరా చూశారు.

ప్రభుత్వం మారింది. కొత్త మంత్రిగారు మొదటి సమీక్షలోనే కుండబద్దలు కొట్టారు.

“పాత ఫలకం మీద ఒక్క పేరు కూడా మనవాళ్లది లేదు. రాత్రి డాబా మీద పడుకుంటే నిద్ర పట్టట్లేదు. మనదొకటి పెట్టాలి. దాని పక్కన కాదు. వాళ్లది కనుచూపు మేరలో ఉండకూడదు. ఎంత దూరంలో పెడదాం, డాక్టరుగారూ?”

త్రివేణి గొంతు సవరించుకుంది. తనకా అలవాటు ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. “వెయ్యి కిలోమీటర్లైనా ఉండవలెను సార్. చంద్రుడు గుండ్రంగా ఉండును. అంత దూరమైతే వారి ఫలకం మనకు కానరాదు, మన ఫలకం వారికి కానరాదు.”

“శెభాష్! అలా చెప్పండి!”

ఈసారి కోటాల గొడవ లేకుండా సంస్థలో అందరూ భాష నేర్చేసుకున్నారు. పరాంకుశంగారి పరికరం ‘ఫలక ఉష్ణ సంరక్షణి’ అయింది. మట్టిని పరీక్షించేది ‘పునాది నాణ్యతా తనిఖీ యంత్రం’ అయింది. అణుధార్మికతది ‘బంగారు వన్నె పరిరక్షణి’. ఒక్కొక్కరూ వరసగా వచ్చి, తమ పరికరంలో శాస్త్రీయ ప్రయోజనం లేదని రాసి సంతకాలు పెట్టి వెళ్లారు. ఇరవై ఏళ్లలో సంస్థనుంచి అన్ని పరికరాలు ఒకేసారి వెళ్లిన యాత్ర మరొకటి లేదు. కొత్తగా చేరిన పరిశోధకులకు మొదటి నెల ఫిజిక్సు బదులు అర్జీలు రాయడం నేర్పించారు. అది చూసినప్పుడు మాత్రం త్రివేణికి నోట్లో చేదుగా అనిపించేది. ఆ పాఠానికి నమూనాగా పంచిపెట్టింది తన అర్జీనే.

రెండో ఫలకం కూడా దిగింది. రెండు దిమ్మెలూ ఒకే కంపాన్ని రెండు చోట్ల నుంచి వినసాగాయి.

త్రివేణికి అరవై నిండాయి. వీడ్కోలు సభలో శాలువా కప్పుతూ వామనరావు ఓ శుభవార్త చెప్పాడు. శాస్త్రవేత్తలకు అరవయ్యే గానీ, ఫలక గౌరవ సలహాదారులకు వయోపరిమితి లేదట. మర్నాటి నుంచి ఆమె అదే గదిలో, అదే బల్ల దగ్గర, కొత్త పేరుతో కూర్చోవచ్చు. శేషఫణి దండ వేసి, “మా శాఖలోకి స్వాగతం,” అన్నాడు మనస్ఫూర్తిగా.

ఆ తరవాత ఆర్నెల్లకు ఒక ఉదయం సలోమి గీతల కట్ట ముందేసుకుని తల పట్టుకుంది.

“ఎన్నిసార్లు చేసినా రెండు చోట్లొస్తున్నాయి మేడమ్. కంపం ఇక్కణ్నుంచైనా పుట్టాలి, ఇక్కణ్నుంచైనా పుట్టాలి. ఏదో ఒకటని తేలందే లోపలెంత దూరం గట్టిగా ఉందో చెప్పలేం.”

“రెండింటితో తేలదు సలోమీ. ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలంటే మూడు చెవులుండాలి.”

“మూడోది ఎవరు పంపుతారు? మళ్లీ ఎన్నికలు మూడేళ్లకి గానీ రావు.”

కిటికీ పక్కన స్టూలు మీద పరాంకుశంగారు పేపరు చదువుకుంటున్నారు. జీవితమంతా మొదటి పేజీ విడిచిపెట్టి రెండో పేజీ నుంచి చదివే మనిషి, ఇప్పుడు మొదటి పేజీని ముక్కుకి ఆనించుకుని చదువుతున్నారు.

“త్రివేణమ్మా,” అన్నారు. “అధికార పార్టీ చీలిందిట. రాత్రికి రాత్రి పన్నెండుమంది బయటికొచ్చారుట. వాళ్ల మద్దతు కావాలంటే వాళ్ల నాయకుడికి మంత్రి పదవి ఇవ్వాలిట. అదీ అంతరిక్షమే కావాలిట.”

సలోమి కళ్లు పెద్దవి చేసి త్రివేణి వైపు చూసింది. ఎన్నడూ రాజకీయాలు మాట్లాడని, ఏ పార్టీ గెలిచినా ఓడినా తలెత్తి చూడని డాక్టర్ ముక్కామల త్రివేణి, సొరుగులోంచి పర్సు తీసి అటెండరుని పిలిచింది.

“నూకరాజూ, బజారుకెళ్లి రెండు కిలోలు కాజాలు పట్టుకురా. అందరికీ పంచు.”

ఆ తరవాత తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కుని, ‘ఈ యంత్రమునందు ఎట్టి శాస్త్రీయ ప్రయోజనమూ లేదని’ అని గుండ్రటి అక్షరాలతో మొదలుపెట్టింది.